బడి మూతపడినా జట్టు చెదరకుండా చూసుకోవడం ఎలా

పాఠాలు ఎలాగోలా నడుస్తాయి. 1937లో పోలియో భయంతో షికాగోలో బళ్లు తెరవడం వాయిదా పడినప్పుడు రేడియోలో పాఠాలు చెప్పారు. 2020లో కోవిడ్ వల్ల బళ్లు మూసినప్పుడు ఆ పని ఫోన్లూ టీవీలూ చేశాయి. ఎటొచ్చీ చిక్కంతా మిగతా వాటితోనే. ఇంటర్వెల్లు, వరండాలో కబుర్లు, పక్కవాడి నోటుబుక్కులోకి తొంగిచూడటం, పాటల రిహార్సల్, ఆటల పీరియడ్. 2020 ఏప్రిల్ నాటికి ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్కగట్టింది. వాళ్లకి పాఠం అందించడానికి అందరూ కిందామీదా పడ్డారు. ఇంటర్వెల్లుని అందించే పూచీ మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఆ పూచీ తీసుకునే క్లాస్ టీచర్ల కోసం, విద్యార్థి నాయకుల కోసం ఈ వివరాలు. బడి పూర్తిగా మూసిన రోజులకీ, సగం తెరిచిన రోజులకీ పనికొచ్చేలా వరసగా ఉన్నాయి.

1. ముందు జట్లు కట్టండి

మిగతా పనులన్నీ దీని మీదే నిలబడతాయి. వారం పట్టినా పర్వాలేదు, తొందరపడకండి.

30 మంది తరగతిలో ఇద్దరిద్దరుగా లెక్కేస్తే 435 జోడీలు. ఆరుగురి జట్టులో 15. అంటే ఐదు జట్లూ కలిపి 75. ప్రతి జోడీ వైరస్‌కి ఒక దారి కాబట్టి 360 దారులు ఒక్క దెబ్బకి మూసుకుపోతాయి. స్నేహం వైపు నుంచి చూసినా ఇదే లెక్క. 30 మంది వీడియో కాల్‌లో నోరు విప్పేది నలుగురే. ఆరుగురిలో అయితే ఎవరు మాట్లాడటం లేదో ఇట్టే తెలిసిపోతుంది. జబ్బు నుంచీ ఒంటరితనం నుంచీ కాపాడేది ఒకే ఉపాయం కావడం మన అదృష్టం.

కట్టే పద్ధతి ఇది. ప్రతి విద్యార్థినీ మూడు పేర్లు చీటీ మీద రాసి మీకొక్కరికే ఇమ్మనండి. "నీ ప్రాణస్నేహితులెవరు?" అని అడిగితే పెద్ద రభస అవుతుంది. "లెక్క అర్థం కాకపోతే ఎవరికి ఫోన్ చేస్తావు?" అని అడగండి. చీటీలన్నీ చేతికొచ్చాక, ఎవరూ పేరు రాయని పిల్లల్ని మొట్టమొదట జట్లలో వేయండి, జట్టుకొకరు చొప్పున, తాము కోరుకున్న ఒకరి పక్కనే. ఆ తర్వాత మిగతావాళ్లని సర్దండి, ప్రతివాళ్లకీ అడిగిన ముగ్గురిలో కనీసం ఒకరు దొరికేలా. ఈ వరస తిరగేస్తే చివర్లో "మిగిలిపోయినవాళ్ల జట్టు" ఒకటి తయారవుతుంది. దాన్ని పిల్లలు మొదటిరోజే పసిగడతారు.

ఒకే బస్సులో, ఒకే ఆటోలో వచ్చేవాళ్లు ఎలాగూ ఒకే గాలి పీలుస్తున్నారు కాబట్టి వీలైనంత వరకు వాళ్లని ఒకే జట్టులో వేయండి. బడి తెరిచాక రెండు జట్లని కలిపి 12 మంది బృందంగా ఒక గదిలో కూర్చోబెట్టవచ్చు. ఒకసారి కట్టాక టర్ము ముగిసేదాకా కదపకండి. గొడవపడ్డారని మార్చడం మొదలుపెడితే నెలకల్లా అందరూ అందరితో కలిసిపోయి మొదటికొస్తుంది.

ఈ ఏర్పాటుకి చిల్లు పడేది పెద్దవాళ్ల దగ్గరే. పిల్లల్ని కలవకుండా ఆపుతాం కానీ సంగీతం టీచరు, పీటీ మాస్టారు రోజుకి ఆరు గదులు తిరుగుతారు. ఇలా తిరిగేవాళ్ల పీరియడ్లు ఆరుబయట పెట్టండి, కుదరకపోతే తెర మీద. రెండో చిల్లు క్లబ్బులు. చదరంగం పిచ్చి ఉన్నవాళ్లు అన్ని జట్లలోనూ ఉంటారు. గోడల మధ్య జరిగేది ఏదైనా జట్టు లోపలే జరగాలి, జట్లు కలిసేవి తెర మీదో ఆకాశం కిందో జరగాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం సందేహాలు వాటంతటవే తీరతాయి.

2. ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి

"ఇంట్లో నెట్ ఉందా?" అంటే అందరూ ఉందనే రాస్తారు. ఇంట్లో ఫోనుండటం వేరు, అది పిల్లల చేతికి రావడం వేరు. కాబట్టి ఇలా అడగండి. ఫోను ఎవరిది? ఏ గంట నుంచి ఏ గంట దాకా నీ చేతికొస్తుంది? ఇంకా ఎవరితో పంచుకోవాలి? ఎవరూ వినకుండా మాట్లాడుకునే చోటు ఇంట్లో ఉందా? చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. ఒకే గదిలో నలుగురుండే ఇంటి నుంచి వచ్చిన పిల్ల కెమెరా ఆపేస్తే బద్ధకమనుకుంటాం. వెనకాల నైట్ డ్యూటీ చేసొచ్చిన వాళ్లెవరో నిద్రపోతుంటారు.

జవాబులు వచ్చాక ఒక్కో జట్టుకీ ఏ మెట్టు అందుతుందో గుర్తుపెట్టుకోండి: కాగితం, మామూలు ఫోన్ కాల్, వాయిస్ మెసేజ్, వీడియో. జట్టులో అందరికన్నా కింది మెట్టు మీదున్న పిల్లకి ఏది అందుతుందో జట్టంతటికీ అదే. ఒక్కరికి వీడియో కుదరకపోతే ఆరుగురూ వాయిస్ మెసేజ్‌లతోనే నడవాలి. గుంపుగా వీడియో కాల్ గంటసేపు మాట్లాడితే 1 జీబీ దాకా డేటా లాగేస్తుంది. మాట ఒక్కటే అయితే అందులో పదో వంతు కూడా ఖర్చవదు.

ఫోనే లేని పిల్లలున్న జట్టుకి తిరిగే నోటుబుక్కు పెట్టండి. 100 పేజీల పుస్తకం, ఆరుగురు, ఒక్కొక్కరి దగ్గర రెండు రోజులు. రాసేది అర పేజీకి తగ్గకూడదు, రెండు పేజీలు మించకూడదు. ముందువాళ్లు రాసిన దానికి ఒక జవాబు, తర్వాతివాళ్లకి ఒక ప్రశ్న తప్పనిసరి. బొమ్మ వేసినా లెక్కే. వర్క్‌షీట్లు పంచే మనిషే పుస్తకాన్నీ చేరవేస్తాడు. కాగితం ముట్టుకుంటే అంటుకుంటుందేమోనని మొదట్లో అందరూ హడలిపోయారు కానీ, వస్తువుల మీద నుంచి కోవిడ్ సోకే ముప్పు తక్కువేనని తర్వాత తేలింది. పుస్తకం అందుకున్నాక చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కుంటే చాలు. పుస్తకం ఆగిపోయేది ఎప్పుడూ ఒకే చోట, రాయడం రాని పిల్ల దగ్గర. ఆ పిల్ల వంతుకి బొమ్మ గానీ, అతికించిన ఆకు గానీ సరిపోతుందని మొదటి పేజీలోనే రాసిపెట్టండి.

3. రోజుకి పది నిమిషాలు

పొద్దున్నే, రోజూ ఒకే వేళకి, జట్టు మాత్రమే. టీచరు వారానికి రెండు సార్లు వస్తే చాలు, మిగతా రోజులు జట్టులో ఒకరు వంతులవారీగా నడుపుతారు. పాఠం మాట ఎత్తకూడదు.

"ఎలా ఉన్నారు?" అని మొదలుపెడితే "బాగున్నాం" అని ఆరు గొంతులు పలికి, తర్వాత నిశ్శబ్దం. కళ్లెదుట ఉన్నదాని గురించి అడగండి. మీ కిటికీలోంచి ఇప్పుడు కనిపించే మూడు వస్తువులేంటి? ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు ఏది? నిన్న రాత్రి నీకు వినపడ్డ చివరి చప్పుడు ఏంటి? ఒక్కో జవాబు అర నిమిషం. జవాబు చెప్పడం ఇష్టం లేనివాళ్లు "పాస్" అనొచ్చు. వరసగా మూడు రోజులు పాస్ అన్నారంటే నాలుగో రోజు టీచరు విడిగా ఫోన్ చేయాలి.

రాకపోయినవాళ్ల సంగతికొస్తే, మొదటిరోజు జట్టులో ఒకరు మెసేజ్ పెడతారు. రెండో రోజు టీచరు ఇంటికి ఫోన్ చేస్తారు. "ఎందుకు రాలేదు?" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "నిన్న నీ వంతు వచ్చింది, నువ్వు లేక ఖాళీగా పోయింది" అనండి. కెమెరా మాత్రం బలవంతం చేయకండి. గొంతు వినిపిస్తే హాజరే.

4. క్లబ్బులు: ఏది తెర మీదికి, ఏది కాదు

చదరంగం, క్విజ్, గోడపత్రిక, కోడింగ్ తెర మీద హాయిగా బతుకుతాయి. అయితే చదరంగానికి ఒక జాగ్రత్త కావాలి. లీచెస్ లాంటి ఉచిత సైటులో ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు మౌనంగా ఆడుకుంటే ఆట జరుగుతుంది గానీ కలిసిన భావం ఉండదు. ఆడుతున్నంతసేపూ ఇద్దరూ ఫోన్ కాల్‌లో ఉండాలనే నియమం పెట్టండి. ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ప్రతి ఎత్తుకీ అదనంగా 5 సెకన్లు ఇస్తే నెట్టు నత్తనడక నడిచినా ఆట పోదు. కంప్యూటర్ని అడిగి ఎత్తులు వేసే మోసం తప్పకుండా జరుగుతుంది. ఇద్దరిద్దరు జతగా, చర్చించుకుంటూ ఆడే పద్ధతి పెడితే అది చాలావరకు తగ్గుతుంది. పక్కనున్నవాడికి ఎత్తు ఎందుకో వివరించాలి కదా.

బొమ్మల క్లబ్బుకి మంచి వరవడి 2020 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం ఇచ్చింది. ఇంట్లో దొరికే వస్తువులతో ఓ ప్రసిద్ధ చిత్రాన్ని మళ్లీ కట్టి ఫోటో తీయమంది. దుప్పటి, గరిటె, దిండు ఉంటే చాలు. మీ దగ్గర చేసేటప్పుడు అసలు చిత్రాన్ని అందరికీ ఒక్కటే ఇవ్వండి. ఒకే చిత్రాన్ని ఆరిళ్లలో ఆరు రకాలుగా కట్టుకొస్తారు, ఆ తేడాల మీదే అరగంట కబుర్లు నడుస్తాయి.

నాటకాన్ని వీడియో కాల్‌లో ఆడించకండి. పెట్టెల్లో తలకాయలు మాట్లాడుతుంటే చూసేవాళ్లకి నీరసం వస్తుంది. దాన్ని రేడియో నాటికగా మార్చండి. తలుపు చప్పుడు, వాన చప్పుడు (గట్టి ప్లాస్టిక్ కవరు నలిపితే చాలు), అడుగుల చప్పుడు చేసేవాళ్లు కూడా కావాలి కాబట్టి డైలాగులు చెప్పడానికి సిగ్గుపడే పిల్లలకీ పాత్ర దొరుకుతుంది.

ఉచిత జూమ్ ఖాతాలో సమావేశం 40 నిమిషాలకి తెగిపోతుంది. దాన్ని తిట్టుకోవాల్సిన పనిలేదు, క్లబ్బు ఏదైనా 35 నిమిషాలకి మించితే పిల్లలు ఎలాగూ జారుకుంటారు. లింకు బయట గోడల మీద, బహిరంగ గ్రూపుల్లో పెట్టొద్దు. వెయిటింగ్ రూమ్ తెరిచి, పేరు చూసి లోపలికి పంపండి. పెద్దవాళ్లు ఇద్దరుండాలి. రికార్డు చేసేట్టయితే ముందు ఇళ్లలో అడగాలి.

5. బృందగానం

అందరూ ముందు దీన్నే ప్రయత్నించి, ముందు దీని దగ్గరే బోర్లా పడతారు. వీడియో కాల్‌లో అందరూ కలిసి పాడటం కుదరదు. గాలిలో శబ్దం 10 మీటర్లు వెళ్లడానికి 29 మిల్లీసెకన్లు పడుతుంది. దాదాపు అంత ఆలస్యం దాకా పాడేవాళ్లు సర్దుకోగలరు. మామూలు వీడియో కాల్‌లో ఆలస్యం దానికి ఎన్నో రెట్లు, పైగా నిమిషానికోలా మారుతుంది. ఒకరి తాళం ఇంకొకరికి వెనకబడి వినిపిస్తే అందరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ పాట పాకుతుంది. కాబట్టి ఎవరికి వారు విడిగా పాడి పంపాలి, తర్వాత కలపాలి.

ముందు మార్గదర్శి ట్రాక్ ఒకటి తయారు చేయండి. మొదట నాలుగు లెక్కలు, నాలుగో దాని మీద చప్పట్లు ఒక్కసారి, తర్వాత రెండు లెక్కల ఖాళీ, అక్కడి నుంచి శ్రుతి, తాళం, సన్నగా ఒక గొంతు. పాట 3 నిమిషాలు దాటనివ్వకండి. శ్రుతి పిల్లల గొంతుకి తగినట్టు పెట్టండి. ఇంట్లో ఒంటరిగా పాడేటప్పుడు బెరుకుతో గొంతు పైకి వెళ్లదు, అందుకని రిహార్సల్‌లో పెట్టేదానికన్నా ఒక అర మెట్టు కిందే నయం.

పాడే పిల్లకి రెండు పరికరాలు కావాలి, ఒకటి వినడానికి, ఇంకొకటి రికార్డు చేయడానికి. రెండోది ఇంట్లోవాళ్లని పది నిమిషాలు అడిగి తీసుకోవచ్చు. వినేది వైరున్న ఇయర్‌ఫోన్‌తోనే. బ్లూటూత్‌తో వింటే ట్రాక్ ఆలస్యంగా చెవిన పడుతుంది, ఎంత ఆలస్యమన్నది ఒక్కో ఇయర్‌ఫోన్‌కీ ఒక్కోలా ఉంటుంది, చివరికి కలిపేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. ఒక చెవిలోనే పెట్టుకుని రెండో చెవి వదిలేస్తే తన గొంతు తనకి వినిపించి శ్రుతి తప్పదు. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ఎదురుగా నిలబడితే గోడల ప్రతిధ్వని తగ్గుతుంది. ఫోను నోటికి మూరెడు దూరంలో. ఫ్యాను ఆపాలి.

ట్రాక్‌లో చప్పట్లు వినిపించినప్పుడు తానూ ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. ఇది చాలా ముఖ్యం. రికార్డింగుని ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఆ చప్పట్లు నిటారుగా ముల్లులా కనిపిస్తాయి. అందరి ముళ్లూ ఒకే గీత మీదికి జరిపితే పాట దానంతటదే కుదురుకుంటుంది. ఫైలు పేరులో తరగతి, రోల్ నంబరు ఉండాలి. లేకపోతే "కొత్త రికార్డింగ్ 7" పేరుతో పదిహేను ఫైళ్లొస్తాయి.

మూడు సార్లు మాత్రమే పాడాలి, వాటిలో మంచిది పంపాలి. ఈ హద్దు పెట్టకపోతే జాగ్రత్తపరులైన పిల్లలు ముప్ఫైసార్లు పాడి, ఏడ్చి, ఏదీ పంపరు. తన గొంతు తనకి ఒంటరిగా వినపడితే ఎవరికైనా అపస్వరంగానే తోస్తుంది. ఇరవై గొంతులు కలిశాక అది మాయమవుతుందని ముందే చెప్పండి, వీలైతే పాత రికార్డింగొకటి విడివిడిగానూ కలిపీ వినిపించండి. కలిపేటప్పుడు శ్రుతి బాగా తప్పిన గొంతుని తీసేయకండి, తగ్గించి ఉంచండి. పేరు తెర మీద ఉండి గొంతు లేకపోతే ఆ పిల్లకి తెలిసిపోతుంది.

బడి తెరిచాక కూడా గదిలో బృందగానం అన్నిటికన్నా ఆఖరున మొదలుపెట్టాలి. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం మౌంట్ వెర్నన్‌లో 61 మంది రెండున్నర గంటలు పాట సాధన చేశారు. వాళ్లలో ఒకరికి అప్పటికే జలుబు లక్షణాలున్నాయి. 53 మందికి జబ్బు సోకింది లేదా సోకినట్టు భావించారు, ఇద్దరు చనిపోయారు. పాడేటప్పుడు మామూలు మాట కంటే ఎక్కువ తుంపరలు, సన్న కణాలు గాలిలోకి వెళ్తాయి. ఆరుబయట, చిన్న జట్టుగా, అరగంట లోపు పాడుకోవచ్చు.

6. గది తెరిచేముందు గాలి సంగతి

నేల తుడవడానికి, బల్లలకి మందు కొట్టడానికి గంటలు తగలేసి, కిటికీలు మూసి కూర్చున్న బళ్లు ఎన్నో. మీ ఓపిక గాలి మీద ఖర్చుపెట్టండి. 1904లోనే బెర్లిన్ పక్కన చార్లొటెన్‌బుర్గ్‌లో క్షయ భయంతో చెట్ల కింద బడి నడిపారు. ఆ ఉపాయం పాతబడలేదు. వీలైన ప్రతి కార్యక్రమం ముందు చెట్టు కిందికి, వీలుకానిది గదిలోకి.

గదిలో గాలి ఎంత మారుతోందో కంటికి కనపడదు, కార్బన్ డయాక్సైడ్ మీటరు చూపిస్తుంది. బయట గాలిలో అది సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 420. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000. గదిలో 1,200 చూపిస్తే మీరు పీల్చే ప్రతి 50 ఊపిరుల్లో ఒకటి ఎవరో వదిలేసినదే. 800 దాటకుండా చూసుకోండి. మీటరు ఎన్‌డీఐఆర్ రకందై (పరారుణ కాంతితో ఆ వాయువునే నేరుగా కొలిచేదై) ఉండాలి. చవక రకాలు కొన్ని వాసనల్ని బట్టి అంచనా వేస్తాయి, పక్కన శానిటైజర్ రాసుకుంటే అంకె ఎగిరిపోతుంది. తెచ్చిన రోజున పది నిమిషాలు ఆరుబయట పెట్టి 420 దరిదాపుల్లో ఉందో లేదో చూడండి. మీటరు చూసే పనిని పిల్లలకే అప్పగించండి. వారం వారం మారే "గాలి మానిటర్" పదవికి మంచి గిరాకీ ఉంటుంది.

ఒక కిటికీ బార్లా తెరవడం కన్నా ఎదురెదురు గోడల్లో రెండు జానెడేసి తెరవడం మేలు. ప్రతి ఇంటర్వెల్లుకీ అందరూ బయటికొచ్చి, పది నిమిషాలు తలుపులు, కిటికీలు పూర్తిగా తెరవాలి.

కిటికీలు చాలని గదికి వడపోత పెట్టె కట్టుకోవచ్చు. 2020లో గాలి నాణ్యత నిపుణుడు రిచర్డ్ కోర్సీ ఆలోచనతో ఫిల్టర్ల కంపెనీ అధిపతి జిమ్ రోజెన్‌తాల్ కట్టిన నమూనా ఇది, పెద్ద తరగతి పిల్లలు గంటలో కడతారు. కావలసినవి: 20 అంగుళాల చదరపు బాక్స్ ఫ్యాను, అదే కొలత మెర్వ్-13 (సన్న కణాల్ని కూడా పట్టే రకం) ఫిల్టర్లు నాలుగు, గట్టి అట్ట, వెడల్పు టేపు.

నాలుగు ఫిల్టర్లని నాలుగు గోడలుగా నిలబెట్టి అంచులు టేపుతో మూయండి. ఫిల్టరు చట్రం మీద గాలి దిశ చూపే బాణం ఉంటుంది, అది లోపలి వైపు చూడాలి.

అడుగున అట్ట పెట్టి నాలుగు వైపులా టేపు వేయండి.

పైన ఫ్యాను, గాలి ఆకాశం వైపు ఊదేలా. ఫ్యానుకీ ఫిల్టర్లకీ మధ్య సందులు మూయండి.

ఫ్యాను పైముఖానికి అట్ట కప్పి, రెక్కలు తిరిగే మేర మాత్రం గుండ్రంగా కోయండి. ఇది దాదాపు అందరూ వదిలేస్తారు. ఫ్యాను మూలల్లోంచి ఊదిన గాలే మళ్లీ లోపలికి దిగుతుంది, ఆ మూలలు మూస్తే పనితనం బాగా పెరుగుతుంది.

పరీక్ష తేలిక. పలచని కాగితం ముక్కని ఫిల్టరు దగ్గర పెడితే అతుక్కోవాలి. టేపు అంచుల దగ్గర కాగితం వణికితే అక్కడ కారుతోందన్నమాట. పెట్టెని గోడకి ఆనించకండి. చప్పుడెక్కువైందని టీచర్లు ఆపేస్తారు. ఒకటి పూర్తి వేగంతో నడిపేకన్నా రెండు తక్కువ వేగంతో నడపడం నయం.

ఎన్ని కావాలో లెక్క: 9 మీటర్ల పొడవు, 7 వెడల్పు, 3 ఎత్తు ఉన్న గది 189 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు గాలి మారాలంటే 945 ఘనపు మీటర్లు. గంటకి 300 ఘనపు మీటర్లు శుభ్రం చేసే యంత్రాలు మూడు పెట్టి ఒక కిటికీ తెరిస్తే సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: వడపోత పెట్టె కణాల్ని పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టదు. పెట్టె నడుస్తున్నా మీటరు తగ్గలేదని కంగారుపడొద్దు, అలాగని కిటికీ మూయొద్దు.

మాస్కులన్నీ తీసి, ఎదురెదురుగా కూర్చుని, గట్టిగా నవ్వుకునే భోజనాల వేళ రోజు మొత్తానికీ ప్రమాదమైన అరగంట. బయట, జట్లుగా, జట్టుకీ జట్టుకీ మధ్య కనీసం 2 మీటర్లు వదిలి కూర్చోబెట్టండి. ఆటలు ఆరుబయటే. పరుగెత్తేటప్పుడు పిల్లలకి మాస్కు వద్దు. వినికిడి యంత్రం వాడే పిల్లలకి చెవుల మీద తగిలించే మాస్కుతో యంత్రం ఊడొస్తుంది, తల వెనక ముడివేసేది ఇవ్వండి. ఆ జట్టులో మాట్లాడేవాళ్ల పెదవులు కనిపించేలా పారదర్శకమైన మాస్కులు ఉంటే మంచిది.

7. వార్షికోత్సవం, వీడ్కోలు

ఏ సంబరానికైనా రెండు పథకాలు ఒకేసారి రాయండి, బడి తెరిచి ఉంటే ఒకటి, మూస్తే ఒకటి. ఏది జరుగుతుందో 10 రోజుల ముందు తేల్చి చెప్పండి. చివరి రోజు దాకా "చూద్దాం" అంటూ నానిస్తే పిల్లలు రద్దు కన్నా దానికే ఎక్కువ విసుగుతారు.

96 మంది చివరి తరగతి పిల్లల వీడ్కోలు అనుకోండి. 12 మంది చొప్పున 8 విడతలు. విడతకి 25 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాల ఖాళీ. మొత్తం 4 గంటల 30 నిమిషాలు. ఒక గేటులో వచ్చి ఇంకో గేటులో పోవాలి. ఫోటో కోసం గుమిగూడతారు, అది ఆగదు. కాబట్టి ఫోటోని కార్యక్రమంలోనే పెట్టి, నేల మీద నిలబడే గుర్తులు వేయండి. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపకండి. చివర్లో ఒక ఖాళీ విడత వాళ్లకోసమే ఉంచండి, కాకపోతే మొత్తం 5 గంటలు దాటుతుంది.

తెర మీదైతే ప్రసంగాలు 3 నిమిషాలు మించొద్దు. కట్టే పని పిల్లలకిచ్చేయండి. 2020 మార్చిలో జపాన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలు మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో ఆటలో సభామందిరం కట్టుకుని తమ స్నాతకోత్సవం తామే జరుపుకున్నారు. పెద్దవాళ్లు ఎవరూ చెప్పలేదు, అందుకే బాగా కుదిరింది.

8. జట్టులో ఒకరికి కోవిడ్ వచ్చినప్పుడు

లక్షణాలు మొదలవడానికి సుమారు రెండు రోజుల ముందు నుంచే వ్యాపించే వీలుంది. అందుకని ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో రాసిన పటం 14 రోజులపాటు దాచండి. అదుంటే మూయాల్సింది ఒక జట్టు మాత్రమే. లేకపోతే బడి మొత్తం మూతే.

ఇళ్లకి పంపే కబురు ఇలా ఉండొచ్చు: "మీ పిల్లల జట్టులో ఒకరికి కోవిడ్ అని తేలింది. జట్టు చివరిసారి కలిసింది మంగళవారం మధ్యాహ్నం, ఆరుబయట. జ్వరం, దగ్గు, గొంతునొప్పి కనిపిస్తే మాకు చెప్పండి. రేపటి నుంచి జట్టు పొద్దుటి పది నిమిషాలు ఫోనులో కలుస్తుంది, వేళ అదే." పేరు రాయకూడదు. పిల్లలు గంటలో పట్టేస్తారు, అయినా బడి నోట రాకూడదు. చివరి వాక్యం తీసేయొద్దు. ఆ కబురంతటిలో పిల్లలు వెతుక్కునేది అదే.

"ఎవరి వల్ల వచ్చింది?" అన్న మాట జట్టులో మొదలైతే టీచరు ఆరోజే ఆపాలి. కోలుకుని వచ్చినవాళ్లని మొదటి రోజే పరుగెత్తించొద్దు. ఆయాసం, గుండెదడ, ఛాతీలో నొప్పి అంటే ఆట ఆపి డాక్టరు దగ్గరికి పంపాలి.

ఇంట్లో మరణం జరిగితే, ఒక్క టీచరే మాట్లాడాలి. పదిమంది ఫోన్ చేస్తే ఆ పిల్ల పదిసార్లు చెప్పుకోవాలి. "జట్టుకి ఏం చెప్పమంటావు?" అని అడిగి, తను చెప్పిన మాటల్లోనే చెప్పండి. తను తిరిగొచ్చే ముందురోజు జట్టుని కూర్చోబెట్టి ఏం అనొచ్చో చెప్పండి, ఎందుకంటే పిల్లలు జాలి లేక దూరంగా ఉండరు, ఏమనాలో తెలియక ఉంటారు. "నిన్న నీ వంతు ప్రశ్న నీకోసం ఉంచాం" అన్న మాట చాలు. వచ్చినరోజు నలుగురి ముందూ నిలబెట్టి మౌనం పాటించడాలు వద్దు. తను అడిగితే అప్పుడు.

9. అందరూ తిరిగొచ్చాక

జట్లని ఒక్కరోజులో రద్దు చేయకండి. నెలపాటు పొద్దుటి పది నిమిషాలు జట్టుగానే ఉంచి, మధ్యాహ్నం అందర్నీ కలవనివ్వండి. నెలల తరబడి ఆరుగురితోనే మెలిగిన పిల్లకి వందలమంది ఇంటర్వెల్లు చెవులు చిల్లులు పడే హోరు. నిశ్శబ్దంగా కూర్చునే గది ఒకటి తెరిచి ఉంచండి, లోపలికొచ్చినవాళ్లని కారణం అడగకండి.

బడి మూసి ఉన్నప్పుడు చేరిన పిల్లల సంగతి ఇంకొకటి. రికార్డుల్లో రెండో ఏడాది విద్యార్థులు, నిజానికి గేటు లోపల అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. బాత్రూం ఎటో, మంచినీళ్లు ఎక్కడో, బెల్లు కొట్టేదెవరో వాళ్లకి తెలియదు, రెండో ఏడాది కదా అని అడగడానికి సిగ్గు. అలాంటివాళ్ల పట్టిక ముందే రాసుకుని, మొదటిరోజు బెల్లుకి అరగంట ముందు వాళ్లని రప్పించి, జట్టులోని పాతవాళ్లలో ఒకరికి అప్పగించి, బడి మొత్తం తిప్పించండి.